పడమటి దిక్కు నుంచి చూడండి: ఫౌంటెన్స్ మఠం, రిపన్ దొర, ఫూలే విన్నపం

(చరిత్ర దారుల్లో – 11వ భాగం)



గ్రూప్స్‌కి చదివే ఎవరినైనా నిద్రలో లేపి అడగండి. స్థానిక స్వపరిపాలన పితామహుడు ఎవరు? లార్డ్ రిపన్. దేశభాషా పత్రికల చట్టాన్ని రద్దు చేసిన వైస్రాయ్? రిపన్. హంటర్ విద్యా కమిషన్ ఎవరి కాలంలో? రిపన్ కాలంలోనే. ఇల్బర్ట్ బిల్లు? అదీ ఆయన కాలానిదే. నాలుగు బిట్లు, నాలుగు మార్కులు. అక్కడితో రిపన్ సంగతి అయిపోతుంది.

ఈ వారం ఆయన ఎస్టేటు గురించి రాస్తున్నాను. లీడ్స్‌లో ఒక సభకి వెళ్లినప్పుడు ఒక రోజు ఖాళీ దొరికింది. పొద్దున్నే బస్సెక్కి అక్కడికి వెళ్లి చీకటి పడేదాకా నడిచాను. అందమైన చోటే, కాదనను. కానీ నేను రాసేది అందం గురించి కాదు. పని ఎవరిది, పుస్తకం ఎవరిది అనే ప్రశ్న ఆ ఒక్క నదీ లోయలో దాదాపు తొమ్మిది వందల ఏళ్లుగా రాళ్లలో కనిపిస్తోంది. అదే ప్రశ్న 1882లో పూనాలో జోతిరావు ఫూలే బల్ల మీదికి వచ్చింది. ఈ రెండింటినీ కలిపి చూడాలని నా ప్రయత్నం. పోస్టు పొడుగే. ఓపిక చేసుకుని చదవండి.

ఆ చోటు

ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో రిపన్ అని ఒక చిన్న పట్నం ఉంది. మన వైస్రాయ్ బిరుదులో ఉన్న పేరు ఈ పట్నానిదే. దానికి నైరుతిగా రెండు మూడు మైళ్లు వెళ్తే స్కెల్ అనే నది లోయ వస్తుంది. నది అంటున్నారు గానీ మన లెక్కలో వాగే. ఆ వాగు ఒడ్డున పైనా కిందా రెండు చోట్లు ఉన్నాయి. పైన ఫౌంటెన్స్ అబ్బే, అంటే 1132లో మొదలై 1539లో మూతపడ్డ క్రైస్తవ మఠం శిథిలాలు. కిందికి నడిస్తే స్టడ్లీ రాయల్, దొరల ఎస్టేటు. నీటి తోట, చెరువు, జింకల పార్కు అన్నీ అందులో ఉన్నాయి. 1983 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతుల్లో ఉంది. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

మఠం కథ పదమూడు మంది సన్యాసులతో మొదలవుతుంది. యార్క్ నగరంలోని ఒక పెద్ద మఠంలో సుఖాలు ఎక్కువయ్యాయని, నియమాలు గాలికి పోయాయని వీళ్లు గొడవపడ్డారు. అక్కడి నుంచి బయటపడాల్సి వచ్చింది. ఆర్చిబిషప్ థర్‌స్టన్ వాళ్లకి ఈ అడవి లోయ ఇచ్చాడు. తర్వాత వాళ్లు సిస్టర్షియన్ అనే సన్యాసుల సంఘంలో చేరారు. ఆ సంఘం సిద్ధాంతం వినడానికి గొప్పగా ఉంటుంది. రంగు వేయని ఉన్ని బట్ట కట్టాలి. ఆడంబరం ఉండకూడదు. ఇంకొకరి కష్టం మీద, అద్దెల మీద, పన్నుల మీద బతకకూడదు. సొంత చేతులతో పని చేసుకు తినాలి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి గుడిలో నిలబడి లాటిన్‌లో కీర్తనలు పాడాల్సిన వాళ్లకి వేల ఎకరాలు దున్నే తీరిక ఎక్కడిది? మరి ఎవరు దున్నారు?

పడమటి పక్క

వచ్చిన జనం ముందు బురుజు వైపు నడుస్తారు. 160 అడుగుల పైన ఎత్తు, ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. ఆ తర్వాత తూర్పు కొసన బలిపీఠం ఉన్న వైపు వెళ్లి పెద్ద కిటికీ ఖాళీలోంచి ఆకాశాన్ని ఫోటో తీసుకుంటారు. నేను పడమటి పక్కకి వెళ్లాను. అక్కడ దాదాపు 300 అడుగుల పొడవున్న హాలు ఒకటి ఉంది. నడుమ ఒకే వరుస స్తంభాలు, ఒక్కో స్తంభం నుంచి తాటి మట్టల్లా విచ్చుకున్న రాతి కమానులు. శిథిలాల్లో కప్పు నిలిచి ఉన్న పెద్ద భాగం ఇదే. దీన్ని సెల్లారియం అంటారు, అంటే సరుకుల కొట్టు. సరుకులు పెట్టిన మాట నిజమే. కానీ అందులో ఒక భాగం మనుషులు తిన్న చోటు. పై అంతస్తు ఆ మనుషులు పడుకున్న చోటు. ఆ మనుషులే లే బ్రదర్స్. నేను పని సోదరులు అంటాను.

సిస్టర్షియన్ మఠంలో రెండు రకాల సోదరులు ఉంటారు. గాయక సన్యాసులు గడ్డం గీయించుకుంటారు, తెల్ల బట్ట వేసుకుంటారు, లాటిన్ చదువుతారు, మఠాధిపతిని ఎన్నుకుంటారు. పని సోదరులు గడ్డం పెంచుతారు, గోధుమ రంగు బట్ట వేసుకుంటారు. పొలం, గొర్రెలు, మిల్లు, తోలు, రాయి, కమ్మరం పనులు చేస్తారు. మఠాధిపతి ఎన్నికలో వాళ్లకి ఓటు లేదు. భోజనశాల వేరు, పడక వేరు, ఆసుపత్రి వేరు. గుడిలోకి వచ్చే తోవ కూడా వేరు. పని సోదరులు పడమటి సగంలో నిలబడాలి. తూర్పు సగం గాయకులది. నడుమ అడ్డుగోడ.

అన్నిటికంటే నన్ను నిలబెట్టేసిన నియమం ఇంకొకటి. పని సోదరుల కోసం 12వ శతాబ్దంలో రాసిన నియమావళి ప్రకారం వాళ్ల దగ్గర పుస్తకం ఉండకూడదు. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం లాంటి రెండు మూడు ప్రార్థనలు తప్ప ఏమీ నేర్చుకోకూడదు. అవి కూడా చూసి కాదు, విని బట్టీ పట్టాలి. పని సోదరుడిగా చేరినవాడు ఎంత భక్తి చూపినా గాయక సన్యాసి కాలేడు. 1188లో ఆ సంఘం పెద్దల సభ ఇంకో కట్టడి చేసింది. పెద్దింటి వాళ్లు మఠంలో చేరితే పని సోదరులుగా తీసుకోవద్దు, సన్యాసులుగానే తీసుకోవాలి అని. అంటే దేవుడి ముందు అందరూ సోదరులే, కానీ ఎవరు ఏ సోదరుడో ముందే తేలిపోతుంది.

మనకి ఇది కొత్తా? చెవుల్లో సీసం పోయమన్న ధర్మసూత్రాల దేశం నుంచి వచ్చిన నాకు ఆ చల్లటి హాల్లో ఒళ్లు వేడెక్కింది. పుస్తకానికి మనిషిని దూరం చేయడం అన్ని చోట్లా ఒకే కారణానికి జరుగుతుంది. చదివినవాడు లెక్క అడుగుతాడు.

పోలిక ఎక్కడ ఆగుతుంది

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మన స్నేహితుల్లో కొందరు విదేశాల్లో ఏ అసమానత కనబడినా ఇదీ కులమే అనేస్తారు. అలా అంటే కులం తేలికైపోతుంది. 'అన్ని చోట్లా ఉన్నదేగా' అని చేతులు దులుపుకునే వాళ్లకి మనమే మాట అందించినట్టు అవుతుంది.

పని సోదరుడు పుట్టుకతో పని సోదరుడు కాడు. తనంతట తాను వచ్చి ప్రమాణం చేసి చేరాడు. కరువు తరిమి ఉండొచ్చు, స్వర్గం మీద ఆశ ఉండొచ్చు. అతనికి పెళ్లి లేదు, పిల్లలు లేరు. కాబట్టి అతని స్థానం కొడుక్కి రాదు. అతను ముట్టుకున్న రొట్టె మైల పడదు. అతను నేసిన ఉన్ని, దంచిన పిండి, పేర్చిన రాయి అన్నీ సన్యాసులు వాడుకున్నారు. ఇక్కడి అంతస్తు ఒక తరంతో ముగుస్తుంది. కులం తరాల మీదుగా సాగుతుంది, మెట్లు మెట్లుగా సాగుతుంది. పైవాడి కాలి కింద ఉన్నవాడికి కూడా తొక్కడానికి ఇంకొకడు ఉంటాడు. అంబేద్కర్ దీన్నే శ్రేణీకృత అసమానత అన్నాడు.

ఈ తేడా అక్కడ ఒక చోట కళ్లకి కట్టినట్టు కనబడుతుంది. పడమటి హాలు దక్షిణ కొసన పని సోదరుల మరుగుదొడ్లు ఉండేవి. వాటిని నది మీద కట్టారు. కింద స్కెల్ పారుతూ మలాన్ని కొట్టుకుపోయేది. పక్కన వాళ్ల ఆసుపత్రి కూడా నది మీద లేపిన కమానుల మీదే ఉంది. ఆ కాలపు ఇంగ్లండ్ పట్నాల్లో మరుగుదొడ్ల గుంటలు ఎత్తిపోసే మనుషులు లేకపోలేదు. గాంగ్ ఫార్మర్లు అనేవారు. రాత్రిళ్లు ఆ పని చేసి కూలి తీసుకునేవారు. నీచంగా చూసేవారు కూడా. కానీ ఆ పని కోసం ఒక కులాన్ని పుట్టించలేదు. మన దగ్గర పాకీ పని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. ఇప్పటికీ మ్యాన్‌హోల్‌లో చనిపోయిన వాళ్ల పేర్లు చూడండి, ఏ వాడల వాళ్లో మీకే తెలుస్తుంది. 12వ శతాబ్దపు తాపీ మేస్త్రీ నీటితో చేయించిన పనిని 21వ శతాబ్దపు మన మున్సిపాలిటీలు మనిషితో చేయించాయి. ఇది టెక్నాలజీ లేక జరిగింది కాదు.

చెప్పుల తగాదా, గొర్రెల డబ్బు

పని సోదరులు నోరు మూసుకుని ఉన్నారా అంటే, లేదు. ఆ సంఘం మఠాల్లో 12, 13 శతాబ్దాల్లో చాలా తిరుగుబాట్లు జరిగాయి. సిస్టర్షియన్లు తమ కోసం రాసుకున్న కథల పుస్తకంలోనే జర్మనీలోని షోనావ్ మఠం సంగతి ఉంది. పని సోదరులకి ఏటా ఇచ్చే బూట్లు ఆపేశారు. వాళ్లు కుట్ర పన్నారు. క్రిస్మస్ రోజున సన్యాసుల పడకగదిలో దూరి వాళ్ల బూట్లు ముక్కలు ముక్కలుగా కోసేద్దాం అనుకున్నారు. నాయకుడు ఆ లోపే చచ్చాడని, దేవుడు శిక్షించాడని ఆ కథ తీర్పు చెబుతుంది. రాసింది సన్యాసి కదా! పెద్దల వాకిట్లో చెప్పులు చేతబట్టుకుని నడిచిన తాతల మనవలం మనం. కాలికి తొడుక్కునేది ఎంత పెద్ద తగాదాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

వీళ్ల పని విలువ ఎంత? యార్క్‌షైర్ మఠాల్లో ఉన్ని వ్యాపారంలో అందరికంటే పెద్దది ఫౌంటెన్స్. 14వ శతాబ్దం మొదట్లో పెగొలొట్టి అనే ఇటలీ వర్తకుడు రాసుకున్న పట్టికలో ఈ ఒక్క మఠం ఏడాదికి 76 బస్తాల ఉన్ని ఇస్తుందని ఉంది. ఒక్కో బస్తాకి ఒకటిన్నర వందకు పైగా కిలోలు. ఇటలీ వర్తకులు ఏళ్ల ముందే డబ్బిచ్చి ఉన్ని బుక్ చేసుకునేవాళ్లు. ఆ గొర్రెల కోసం, పొలాల కోసం సిస్టర్షియన్లు దూరదూరాన కమతాలు పెట్టారు. వాటికి అడ్డమైన పల్లెల్ని ఖాళీ చేయించిన సందర్భాలు యార్క్‌షైర్‌లో ఉన్నాయి. వాల్టర్ మాప్ అనే ఆ కాలపు రచయిత వీళ్లని ఇదే విషయంలో ఎత్తిపొడిచాడు. ఊళ్లు కూల్చి ఏకాంతం తయారు చేసుకుంటారని ఆయన ఆరోపణ. సెజ్‌ల కోసం, కారిడార్‌ల కోసం అసైన్డ్ భూములు పోగొట్టుకున్న వాళ్లకి ఈ ఏకాంతం రుచి తెలుసు.

1348–49 ప్లేగుతో మనుషులు పిట్టల్లా రాలిపోయారు. కూలీల విలువ పెరిగింది. ఊరికే ప్రమాణం చేసి పని చేసే సోదరులు దొరకలేదు. మఠం భూముల్ని కౌలుకి ఇవ్వడం, కూలికి మనుషుల్ని పెట్టడం మొదలుపెట్టింది. పని సోదరులు దాదాపు కనుమరుగయ్యారు. ఇప్పుడు అందరూ ఫోటో తీసుకునే ఆ బురుజు వాళ్లు పోయాక లేచింది. 1495 నుంచి 1526 దాకా మఠాధిపతిగా ఉన్న మార్మడ్యూక్ హ్యూబీ కట్టించాడు. ఆడంబరం వద్దన్న సంఘం అది!

రాళ్లు ఎవరి పాలయ్యాయి

1539 నవంబరులో మఠం రాజు ఎనిమిదో హెన్రీ పరమైంది. చివరి మఠాధిపతికి ఏడాదికి 100 పౌండ్ల పింఛను, మామూలు సన్యాసులకి కొద్దిపాటి పౌండ్లు. మరుసటి ఏడు లండన్ వర్తకుడు రిచర్డ్ గ్రెషమ్ కొనుక్కున్నాడు. పైకప్పు సీసం, కిటికీ అద్దాలు ఊడదీశారు. 1597లో స్టీఫెన్ ప్రాక్టర్ అనే అతను కొని, మఠం రాళ్లతోనే పక్కన తన బంగళా లేపాడు. ఫౌంటెన్స్ హాల్ పేరుతో ఇప్పటికీ ఉంది.

దీన్ని చదివి నవ్వుకోకండి. మన అమరావతి స్తూపానికి జరిగింది కూడా ఇదే. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కడుతుంటే దీపాలదిన్నె తవ్వి రాళ్లు వాడుకున్నారు. మిగిలిన వాటిలో మంచివి కొన్ని మద్రాసు మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. బుద్ధుడి రాళ్లు జమీందారుకి ఇటుకలకి బదులు పనికొచ్చాయి. శిథిలం అంటే కాలం చేసిన పని అనుకుంటాం. సగం శిథిలాలు ఎవరో బండ్ల మీద మోయించుకుపోయినవే.

నీటి తోట కింద ఏముంది

మఠం దాటి నది వెంట కిందికి నడిస్తే నీళ్ల రంగు మారుతుంది. వాగు ఉన్నట్టుండి తిన్నని కాలువ అవుతుంది. చందమామ ఆకారంలో మడుగులు, వాటి నడుమ విగ్రహాలు, ఒడ్డున గ్రీకు గుడి లాంటి కట్టడం. ఇదంతా జాన్ ఐజ్‌లబీ తవ్వించింది. పని మొదలైంది 1718 ప్రాంతంలో. అదే ఏడు ఆయన బ్రిటన్ ఆర్థిక మంత్రి అయ్యాడు.

1720లో సౌత్ సీ కంపెనీ షేర్ల కుంభకోణం పేలింది. కంపెనీ పథకాన్ని పార్లమెంటులో నెగ్గించినందుకు ఆయనకి 20,000 పౌండ్ల షేర్లు ముట్టాయని విచారణలో తేలింది. 1721లో పార్లమెంటు నుంచి గెంటేశారు. లండన్ టవర్ జైల్లో పెట్టారు. బయటికి వచ్చాక ఇక్కడికి చేరి చచ్చేదాకా, అంటే 1742 దాకా ఈ తోట పనే చేయించాడు.

అందరూ దీన్ని షేర్ల మోసం కథగా చెప్తారు. ఆ కంపెనీ ఏం అమ్మేదో కూడా చెప్పాలి కదా? 1713 యుట్రెక్ట్ ఒప్పందంతో స్పెయిన్ వలసలకి ముప్పై ఏళ్లపాటు, ఏడాదికి 4,800 మంది లెక్కన ఆఫ్రికా బానిసల్ని చేరవేసే హక్కు బ్రిటన్‌కి వచ్చింది. ఆ కాంట్రాక్టు పట్టింది సౌత్ సీ కంపెనీయే. దివాలా తీసిన మదుపుదారుల కన్నీళ్ల గురించి బోలెడు పుస్తకాలు ఉన్నాయి. ఓడ అడుగున గొలుసులతో పడుకున్న వాళ్లు ఆ కుంభకోణం కథలో పాత్రలే కారు.

ఐజ్‌లబీ కొడుకు విలియం 1767లో పక్కనున్న మఠం శిథిలాల్ని కూడా కొన్నాడు. ఉండటానికి కాదు, చూడటానికి. తోటలో ఒక మలుపు దగ్గర చిన్న మంటపం ఉంది. అక్కడ నిలబడగానే నది చివర మఠం మొత్తం ఒక్కసారిగా కనబడుతుంది. సర్‌ప్రైజ్ వ్యూ అని పేరు. దొర అతిథుల్ని తీసుకొచ్చి నిలబెట్టి ఆశ్చర్యపరిచేవాడు. అక్కడి నుంచి కనబడేది తూర్పు వైపు. గాయకుల వైపు, బలిపీఠం వైపు. పని సోదరుల పడమటి హాలు ఆ బొమ్మలో కనబడదు. వారసత్వం అనే మాటలో మనం వెతకాల్సింది ఇదే. మనల్ని ఎక్కడ నిలబెట్టి చూపిస్తున్నారు అనేది.

రిపన్, ఫూలే

చెరువు దాటితే జింకల పార్కు, అందులో సెయింట్ మేరీస్ చర్చి. రిపన్ భార్య తమ్ముణ్ణి 1870లో గ్రీసులో దొంగలు పట్టుకుపోయి చంపారు. అతని జ్ఞాపకంగా 1871–78 మధ్య కట్టారు. రిపన్ సమాధి ఇందులోనే ఉంది. ఆయన నివసించిన పెద్ద భవనం మాత్రం 1946లో కాలిపోయింది.

జార్జ్ రాబిన్సన్ పుట్టింది ప్రధానమంత్రి ఇల్లు 10 డౌనింగ్ స్ట్రీట్‌లో, 1827లో. అప్పుడు తండ్రే ప్రధాని. స్టడ్లీ ఎస్టేటు 1859లో చేతికొచ్చింది. 1880 నుంచి 1884 దాకా మన వైస్రాయ్. మనిషి చెడ్డవాడని నేను అనను. 1881 ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ల లోపు పిల్లల్ని ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదంది. ఇల్బర్ట్ బిల్లు మీద తెల్లవాళ్లు ఆయన్ని నానా మాటలన్నారు. పదవి దిగి వెళ్తుంటే దారి పొడుగునా జనం హారతులిచ్చారు. మద్రాసు కార్పొరేషన్ భవనానికి ఆయన పేరే పెట్టారు.

కానీ ఆ హారతులిచ్చింది ఎవరు? ఈ ప్రశ్న అడగడానికి 1882 అనే ఒక్క ఏడు చాలు.

ఫిబ్రవరిలో రిపన్ విద్యా కమిషన్ వేశాడు, విలియం హంటర్ అధ్యక్షుడు. భారతీయ సభ్యుల్లో కె.టి. తెలంగ్, భూదేవ్ ముఖర్జీ, ఆనంద మోహన్ బోస్, సయ్యద్ మహమూద్ లాంటి పెద్దలున్నారు. అంటరానివాడు ఒక్కడూ లేడు. మే 18న స్థానిక స్వపరిపాలన తీర్మానం వచ్చింది. అక్టోబరు 19న పూనా నుంచి జోతిరావు ఫూలే ఆ కమిషన్‌కి విన్నపం పంపాడు.

ఫూలే అప్పటికే 1873లో 'గులామ్‌గిరి' రాసి, నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకి దాన్ని అంకితం ఇచ్చిన మనిషి. ఓడ అడుగు బానిసకీ, ఊరి చివరి శూద్రాతిశూద్రుడికీ సంబంధం ఉందని మన దేశంలో అంత స్పష్టంగా చెప్పిన తొలి గొంతుల్లో ఆయనది ఒకటి. ఆయన విన్నపం సారం ఇది. ప్రభుత్వ ఖజానాకి డబ్బు రైతు, కూలీ చెమట నుంచి వస్తోంది. ఖర్చు మాత్రం పై కులాల పై చదువులకి అవుతోంది. పైవాళ్లకి పోస్తే కిందికి కారుతుందన్న మాట అబద్ధమని తేలింది. పన్నెండేళ్ల దాకా ప్రాథమిక విద్య తప్పనిసరి చేయాలి. ఉపాధ్యాయులు సాగు చేసే కులాల నుంచి రావాలి. మహర్, మాంగ్ పిల్లల్ని కుల ద్వేషం వల్ల బడుల్లో కూర్చోనివ్వడం లేదు కాబట్టి వాళ్లకి బడులు పెట్టాలి.

ఇంకో మాట కూడా అన్నాడు. దాన్ని పరీక్షల పుస్తకాలు వదిలేస్తాయి. బడుల నిధుల్ని స్థానిక బోర్డుల చేతుల్లో పెట్టే విషయంలో హెచ్చరించాడు. ఇప్పుడున్న బోర్డుల్లో కూర్చున్నది పటేళ్లు, ఇనాందార్లు, సర్దార్లు, వాళ్లకి చదువు విలువ తెలియదు, ఆ డబ్బుని సరిగ్గా నడపలేరు అన్నాడు. ఈ మాట గాల్లోంచి రాలేదు. ఫూలే స్వయంగా పూనా మున్సిపాలిటీలో సభ్యుడు. స్థానిక సంస్థ లోపలి సంగతి ఆయనకి రిపన్ కంటే బాగా తెలుసు.

ఏం జరిగింది? 1883లో కమిషన్ నివేదిక వచ్చింది. ప్రాథమిక విద్యని స్థానిక బోర్డులకి, మున్సిపాలిటీలకి అప్పగించమంది. కులం కారణంగా ఏ పిల్లవాణ్నీ ప్రభుత్వ బడిలో కాదనకూడదని సూత్రం ఒప్పుకుంది, కానీ తగిన జాగ్రత్తతో అమలు చేయాలంది. ఆ జాగ్రత్త ఎవరి మనసు నొప్పించకుండా ఉండటానికో చెప్పక్కర్లేదు. ఈ సూత్రం కొత్తది కూడా కాదు. 1856లోనే ధార్వాడ్‌లో ఒక మహర్ పిల్లవాడు ప్రభుత్వ బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టుకుంటే కాదన్నారు. ఆ సంగతిని అంబేద్కర్ తవ్వి తీసి రాశాడు. మన వైపు 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. భూమి ఉన్నవాడు, పన్ను కట్టేవాడు బోర్డులో కూర్చున్నాడు. ఊళ్లో తలుపు మూసినవాడి చేతికే బడి తలుపు తాళం కూడా వచ్చింది.

నలభై ఏళ్ల తర్వాత దీని ఫలితం మహాడ్‌లో కనబడింది. 1923లో బొంబాయి శాసన మండలి ప్రభుత్వ చెరువులు, బావులు అందరివీ అని తీర్మానించింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అంది. కాగితం మీద అంది. చెరువు మాత్రం అందనివ్వలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేల మందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగాల్సి వచ్చింది. స్థానిక స్వపరిపాలన బాగానే నడుస్తోంది, స్థానికుడు ఎవరన్నదే ప్రశ్న. 73వ సవరణ తర్వాత రిజర్వేషన్‌తో సర్పంచ్ అయినవాళ్లని, పంచాయతీ ఆఫీసులో కుర్చీ ఎవరిదో అడగండి. వాళ్లు ఫూలే విన్నపమే మళ్లీ వినిపిస్తారు.

అందుకే పితామహుడు అనే మాట నాకు గొంతు దిగదు. రిపన్ మంచి మనసుతో అధికారాన్ని కిందికి దించాడు. పై నుంచి దించిన అధికారం కింద ఎవరు పట్టుకుంటే వాళ్ల పాలవుతుందని అదే ఏడు చెప్పినవాడు ఫూలే. పరీక్షలో మొదటివాడికి మార్కు ఉంది. రెండోవాడికి లేదు.

ఇప్పుడు మన సంగతి

పుస్తకం ఉండకూడదు, రెండు మూడు ప్రార్థనలు చాలు అన్న నియమం చచ్చిపోయిందనుకుంటున్నారా? 2022లో కేంద్ర ప్రభుత్వం జాతీయ విదేశీ ఉపకార వేతన పథకం మార్గదర్శకాలు మార్చింది. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలు విదేశాల్లో చదవడానికి ఇచ్చే డబ్బు అది. భారతదేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధనకి ఆ డబ్బు వర్తించదని రాశారు. అంటే విదేశీ విశ్వవిద్యాలయంలో నువ్వు ఇంజనీరింగ్ చదువు, నీ కథ మాత్రం చదవకు. కొలంబియా, లండన్‌లలో అంబేద్కర్ రాసిన సిద్ధాంత వ్యాసాలు భారతదేశ కులం, ఆర్థికం, రూపాయి మీదే. ఆ నిబంధన అప్పుడే ఉంటే ఆ చదువులకి ఆయనకి పైసా దక్కేది కాదు.

విదేశాల్లో చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. ఇలాంటి చోట్లకి వెళ్లండి. టికెట్ ఖరీదే, అయినా వెళ్లండి. వెళ్లి నాలుగు ప్రశ్నలు అడగండి. పని చేసినవాడు ఎక్కడ పడుకున్నాడు? ఏ తలుపులోంచి వచ్చాడు? డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? అతని చేతిలో పుస్తకం పెట్టారా? ఇక్కడే ఉన్నవాళ్లు ఈ నాలుగు ప్రశ్నలతోనే గోల్కొండ, గద్వాల, బొబ్బిలి, మీ పక్క ఊరి గడీ చూడండి. వెట్టి చేసినవాళ్ల మనవలు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లని అడిగి రాసి పెట్టండి. ఆ హాలు పేరు కొట్టు అని బోర్డు రాయకముందే, అందులో ఎవరు పడుకున్నారో మనం రాయాలి.

వచ్చే భాగంలో 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు మీద ఇచ్చిన ఉత్తర్వు గురించి, అది మన జిల్లాల బడుల దాకా వచ్చేసరికి ఏమైందో రాస్తాను. మీ తాతలు, అమ్మమ్మలు ఏ బడిలో ఎక్కడ కూర్చున్నారో తెలిస్తే కామెంట్లలో రాయండి.

జై భీమ్. జై సావిత్రీబాయి. జై జోతిబా.